ఛాతీకి దెబ్బ తగిలిందా? ఎక్స్‌రే బాగుందని వదిలేయొద్దు

ఉద్దానంలో కొబ్బరి కాయలు దింపుతూ ఒకరు చెట్టు మీంచి జారిపడ్డారనుకోండి. లేదా పలాస, టెక్కలి మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపై బైక్ హ్యాండిల్ ఛాతీకి గట్టిగా గుద్దుకుంది. రక్తం రాలేదు. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు కనిపించలేదు. ఇక ఇంటికెళ్లిపోవచ్చు అనుకుంటాం. కానీ ఇక్కడ ఎముక కంటే ముందు చూడాల్సింది ఊపిరిని.

పక్కటెముకల పగుళ్లు చాలాసార్లు మామూలు ఎక్స్‌రేకు అందవు. దెబ్బకు ఊపిరితిత్తి కమిలితే అక్కడ రక్తం, నీరు చేరి ఒకటి రెండు రోజుల్లో పరిస్థితి ముదురుతుంది. మొదటి రోజు బాగానే మాట్లాడిన మనిషి మర్నాడు ఆయాసపడటం అందుకే. 65 ఏళ్లు దాటినవారికి ముప్పు మరింత ఎక్కువ.

ఆస్పత్రిలో ముందుగా నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కిస్తారు. పెద్దవారిలో 12 నుంచి 20 వరకు మామూలే. ఇంట్లో మీరూ లెక్కపెట్టొచ్చు, కాకపోతే రోగికి తెలియకుండా చూడాలి. తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది! పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గితే ఆలస్యం చేయొద్దు. ఊపిరితిత్తి చుట్టూ గాలి, రక్తం చేరాయా అన్నది అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్‌లలో తెలుస్తుంది. అవసరమైతే ధమని నుంచి రక్తం తీసి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో చూస్తారు.

కొవిడ్ రోజుల్లో చూసిన మూడు బంతుల స్పైరోమీటర్ గుర్తుందా? డాక్టర్ సరేనన్నాక దాన్ని వాడొచ్చు. నిన్న మూడు బంతులూ లేపినవారు ఇవాళ ఒక్కటే లేపగలిగితే వెంటనే చెప్పాలి.

ఉద్దానంలో అసలు చిక్కు నొప్పి మాత్రలతో. నొప్పి తగ్గకపోతే లోతుగా ఊపిరి తీయలేరు, దగ్గలేరు. కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. అలాగని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకుంటే, ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీలకు చేటు. అందుకే క్రియాటినిన్ ఎంతో ముందే డాక్టర్‌కు చెప్పండి. పలాస కిడ్నీ ఆస్పత్రి రిపోర్టులుంటే ఫోన్‌లో ఫొటోలు ఉంచుకోండి. సీటీ స్కాన్‌కు ముందు ఎక్కించే రంగు మందు విషయంలోనూ ఇది అవసరం. పారాసిటమాల్, నరాన్ని మొద్దుబార్చే ఇంజక్షన్ వంటి దారులున్నాయి. ఛాతీ చుట్టూ బిగించి కట్టు మాత్రం కట్టొద్దు, ఊపిరి ఇంకా తగ్గిపోతుంది.

పెదవులు నీలిబారినా, దగ్గులో రక్తం పడినా, ఊపిరి తీస్తుంటే ఛాతీలో ఒక భాగం లోపలికి పోతున్నా 108కి ఫోన్ చేయండి. టెక్కలి జిల్లా ఆస్పత్రిలోనైనా, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలోనైనా మొదట చెప్పాల్సింది దెబ్బ ఎప్పుడు, ఎలా తగిలిందో.

రోడ్డు ప్రమాదమైతే 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో 7 రోజుల వరకు రూ.1.5 లక్షల మేర నగదు రహిత చికిత్స ఉంటుంది. చెట్టు మీంచి పడితే ఇది వర్తించదు. అప్పుడు ఆస్పత్రిలోని ఎన్టీఆర్ వైద్యసేవ హెల్ప్‌డెస్క్‌లో అడగండి.