బూమ్ లిఫ్టు కింద నేల

క్రేన్ల తయారీలో పేరు తెచ్చుకున్న అమెరికన్ జాన్ గ్రోవ్ 1967లో ఆ వ్యాపారం వదిలేసి, భార్యతో కలిసి దేశం చూడటానికి బయలుదేరాడు. హూవర్ డ్యామ్ దగ్గర పరంజా మీద పనిచేస్తున్న ఇద్దరు కార్మికులు కరెంటు షాకుతో చనిపోయిన సంగతి ఆయన్ని కదిలించిందని, ఆయన పెట్టిన సంస్థ తన చరిత్రలో చెప్పుకుంటుంది. 1969లో పెన్సిల్వేనియాలోని మెకానెల్స్‌బర్గ్‌లో ఆయన కొత్త సంస్థ జేఎల్‌జీ మొదలైంది. మరుసటి ఏడే, పొడవాటి చెయ్యి (బూమ్) చివరి బుట్టలో మనిషిని పైకెత్తే తొలి జేఎల్‌జీ బూమ్ లిఫ్టు బయటికొచ్చింది.

లారీ మీద బిగించిన బుట్టలు అంతకు ముందూ ఉన్నాయి. ఈ యంత్రంలో మాత్రం బుట్టలో నిలబడ్డ మనిషే బండిని ముందుకీ వెనక్కీ నడుపుకోగలడు. పని ఎంత తేలికైందో, ప్రమాదం అంత దగ్గరికొచ్చింది. చక్రాలు ఎక్కడో కింద ఉంటాయి, వాటి ముందున్న గుంట పైనున్న మనిషికి సరిగా ఆనదు. చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, బుట్ట ఎత్తు 18 మీటర్లు అనుకుందాం. ఒక పక్క చక్రాలు 10 సెంటీమీటర్లు దిగబడితే చాలు, పైన బుట్ట 75 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఆ కుదుపుకి మనిషి బుట్టలోంచి ఎగిరి పడొచ్చు. అందుకే ఒంటికి కట్టుకున్న హార్నెస్ తాడు పొట్టిగా ఉండాలి, బుట్టలోని కొక్కేనికే తగిలించాలి.

ఎగుడుదిగుడు నేల కోసం ఇంజనీర్లు చాలానే చేశారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించారు. నేలను బట్టి యాక్సిల్ అటూ ఇటూ ఒరిగి, ఏ చక్రమూ గాలిలో వేలాడకుండా చూస్తుంది. బూమ్ పైకి లేచాక అదే యాక్సిల్ బిగుసుకుపోతుంది. చాలా యంత్రాల టైర్లలో గాలికి బదులు ఫోమ్ నింపుతారు, పంక్చరై ఒక పక్కకు ఒరగకుండా.

వాలు హద్దు దాటితే అలారం మోగుతుంది. చాలా మోడళ్లలో ఆ హద్దు 5 డిగ్రీలు. బుట్ట పల్లం వైపు ఉన్నప్పుడు, మోగగానే కంగారులో బూమ్‌ను అలాగే కిందికి దించేయడం ప్రాణాంతకం కావచ్చు. నిండు బిందెను ఒంటికి ఆనించి మోయడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు. చాచిన బూమ్‌ను దించేకొద్దీ బుట్ట బండికి దూరం జరుగుతుంది, పడదోసే బలం పెరుగుతుంది. అలాంటప్పుడు ముందు బూమ్‌ను లోపలికి లాక్కోవాలి, ఆ తర్వాతే దించాలి.

ఈ అలారాన్ని నమ్మి నేలను మరిచిపోవడమే నన్ను అన్నిటికన్నా భయపెట్టేది. దాన్ని మోగించే సెన్సర్ చెప్పేది బండి ఇప్పుడు ఎంత ఒరిగిందన్నదే. కింది మట్టి మరో నిమిషంలో కుంగుతుందో లేదో దానికి తెలియదు. పైపులైను వేసి పూడ్చిన గోతి పైకి చదునుగానే కనిపిస్తుంది. సెప్టిక్ ట్యాంకు మూత మామూలు గచ్చులా ఉంటుంది. మన నల్లరేగడి ఎండలో రాయిలా ఉండి, ఒక్క వానకే మెత్తబడిపోతుంది. బుట్ట ఎక్కే మనిషి ముందుగా బండి నడిచే దారంతా కాలినడకన తిరిగి చూడాలి. అనుమానమున్న చోట చక్రాల కింద బరువుకు తగిన ఇనుప ప్లేట్లు పరవాలి. తవ్విన గోతి అంచుకు దూరంగా ఉండాలి.

కింద ఇంకో మనిషి తప్పనిసరి. బండి అడుగు భాగంలో రెండో కంట్రోల్ ప్యానెల్ ఉంటుంది. పైవాడు స్పృహ తప్పినా, ఇరుక్కుపోయినా బుట్టను దించగలిగేది అక్కడి నుంచే. రోజూ పని మొదలయ్యే ముందు, బుట్టలో ఎవరూ లేనప్పుడు, ఆ కింది మనిషే దాన్ని ఒకసారి ఎత్తి దించి చూడాలి.