ముళ్లకంచె ఎదురుతిరిగిన వేళ

పుదుచ్చేరి అనగానే గీత గీసినట్టుండే వీధులే గుర్తొస్తాయి. 1693-99 మధ్య పట్టణాన్ని ఏలిన డచ్చివారి గళ్ల నమూనా చలవ అది. ఆ గళ్లకు ఆవల ఒకప్పుడు మరో గీత కూడా ఉండేది. అది ముళ్లకంచె.

18వ శతాబ్దంలో ఫ్రెంచివారు కోటగోడలకు సుమారు మైలు దూరంలో దాన్ని పెంచారు. ఉత్తరాన సముద్రతీరం నుంచి అరియాంకుప్పం ఏటి దాకా కలబంద జాతి మొక్కలు, ముళ్లపొదలు, మధ్యమధ్య కొబ్బరి, తాటిచెట్లు. పశువులు పడకుండా రైతు చేను చుట్టూ వేసే కంచెకు ఇది పెద్దన్న. కాకపోతే ఇది ఆపాల్సింది శత్రువుల గుర్రాలను. రౌతులు చొరబడలేరు, కాల్బలానికీ కష్టమే. మద్రాసు, వళుదావూరు, విల్లియనూరు, అరియాంకుప్పం దారుల్లో బురుజులు కాపలా.

లోపం ముళ్లలో లేదు, పొడవులో ఉంది. అంత కంచెను కాయడానికి సరిపడా మనుషులేరీ? 1760 సెప్టెంబరులో బురుజులు ఇంగ్లీషు సేన వశమయ్యాయి. ఆ జులైలో మైసూరు దళం ఎడ్లను, ధాన్యాన్ని పట్టణానికి చేర్చగలిగింది. ఇప్పుడా దారి మూసుకుపోయింది. శత్రువును బయట ఉంచాల్సిన కంచె పట్టణాన్నే లోపల బంధించింది.

1761 జనవరి 16న ఆకలితో అలమటిస్తున్న పట్టణాన్ని లాలీ అప్పగించాడు. ఇంగ్లీషువారు దాన్ని నేలమట్టం చేశారు. 1765లో తిరిగొచ్చిన ఫ్రెంచివారు పాత వీధుల గీతల మీదే ఇళ్లు కట్టుకున్నారు.