జెస్సీ జేమ్స్ : చరిత్రలో, చిత్రంలో

కౌబాయ్ చిత్రమనగానే మన ప్రేక్షకులకు 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ స్ఫురిస్తుంది. అది కల్పిత కథ. అందులో న్యాయాన్యాయాలను రచయిత తన ఇష్టానుసారం పంచిపెట్టవచ్చును. నిజముగా జీవించిన బందిపోటును తెరకెక్కించినప్పుడే చిక్కు వస్తుంది. అమెరికా దేశపు జెస్సీ జేమ్స్ కథ ఇందుకు చక్కని ఉదాహరణ.

హెన్రీ కింగ్ దర్శకత్వంలో 1939లో వెలువడిన ‘జెస్సీ జేమ్స్’ చిత్రంలో టైరన్ పవర్ కథానాయకుడు. రైల్వే కంపెనీ మనుషులు రైతుల భూములను కారుచౌకగా కాజేస్తుంటారు. ఎదిరించిన జేమ్స్ ఇంటిపై వారు బాంబు వేయగా తల్లి మరణిస్తుంది. ఆ పిమ్మటనే కుమారుడు దోపిడీలకు దిగుతాడు. చూచువారికి అతని ఆగ్రహం ధర్మాగ్రహమే అనిపిస్తుంది.

చరిత్ర చెప్పునది వేరు. 1847లో మిస్సోరీ రాష్ట్రంలో జన్మించిన జెస్సీది బానిసలను కలిగిన కుటుంబం. అంతర్యుద్ధ కాలంలో, 1864లో, అతడు దక్షిణ పక్షపు గెరిల్లాలలో చేరినాడు. 1869 డిసెంబరులో గాలటిన్ పట్టణపు బ్యాంకులో జాన్ షీట్స్ అను క్యాషియరు హత్యకు గురికాగా జెస్సీ పేరు పత్రికలకెక్కినది. ఇంటిపై దాడి నిజముగానే జరిగినది. కాని 1875 జనవరిలో, అనగా గాలటిన్ హత్య జరిగిన ఐదేండ్లకు! పింకర్టన్ డిటెక్టివులు లోనికి విసిరిన వస్తువు పేలి, ఎనిమిదేండ్ల తమ్ముడు ఆర్చీ చనిపోయినాడు, తల్లి చేయి పోయినది. ఆ ఘాతుకాన్ని ఎవరును సమర్థింపలేరు. అయితే ఆమె 1911 వరకు జీవించినది. చిత్రకర్తలు ఆమెను చంపుటయే గాక, తరువాతి ఘటనను ముందునకు జరిపి, దోపిడీలకు దానినే హేతువుగా చూపినారు. తల్లి మరణాన్ని కన్నులార చూచిన ప్రేక్షకుడు కొడుకు ఎన్ని బ్యాంకులు దోచినా క్షమిస్తాడు.

ఈ విద్యను సినిమా కంటె ముందే పత్రికలు నేర్చినవి. దక్షిణ సేనలో పనిచేసి వచ్చిన కాన్సాస్ సిటీ సంపాదకుడు జాన్ న్యూమన్ ఎడ్వర్డ్స్, ఈ ముఠావారిని ప్రాచీన వీరయోధులతో పోల్చి వ్రాసినాడు. దోచిన సొమ్ము బీదలకు పంచినట్లు ఆధారమేదియు లేదు. 1882 ఏప్రిల్ 3న బహుమానం ఆశించి రాబర్ట్ ఫోర్డ్ అను అనుచరుడే వెనుక నుండి కాల్చి చంపుటతో జెస్సీ కీర్తి మరింత పెరిగినది.

కాని కథానాయకుడు కాదగినవాడు వేరొకడు కలడు. 1876 సెప్టెంబరు 7న మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్ బ్యాంకుపై ఈ ముఠా పడినది. కత్తి గొంతుకు ఆనించినా, జోసెఫ్ లీ హేవుడ్ అను ఉద్యోగి ఇనుప పెట్టె తెరువలేదు. అతనిని కాల్చివేసినారు. ఈలోగా వీధిలోని సామాన్య పౌరులు తుపాకులు అందుకొని, ఇద్దరు దొంగలను చంపి, తక్కినవారిని తరిమివేసినారు. పాత ముఠా అంతటితో ఛిన్నాభిన్నమైనది. నార్త్‌ఫీల్డ్ వాసులు నేటికిని ఏటేటా సెప్టెంబరులో ఉత్సవం జరిపి హేవుడ్‌ను స్మరిస్తారు. ఆ ఉత్సవం పేరు ‘జెస్సీ జేమ్స్ ఓటమి దినాలు’.