రేడియో ఈల వేస్తే

చీకటి పడ్డాక మీడియం వేవ్ పెడితే వార్తల వెనుక సన్నని ఈల వినబడడం చాలామందికి అనుభవమే. సెట్టు పాడైందని షాపుకు మోయనక్కరలేదు. రాత్రివేళ దూరపు స్టేషన్ల తరంగాలు ఆకాశంలోని అయనోస్ఫియరు పొరకు తగిలి మనదాకా వస్తాయి. రెండు తరంగాలు కొద్ది తేడాతో కలిస్తే ఆ తేడాయే ఈల. 1920 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు లెవ్ థెరెమిన్ ఈ సూత్రంతోనే, తాకకుండా గాలిలో చేతులాడించి వాయించే వాద్యం చేశాడు. వాద్యంలో ముచ్చటే గాని, వార్తల్లో పీడ!

విరుగుడు సులువు. ట్రాన్సిస్టరులో ఏరియలు ఒక ఫెర్రైటు కడ్డీ. సాధారణంగా సెట్టు పొడుగునా ఉంటుంది. కడ్డీ కొన ఏ స్టేషను వైపు ఉంటే అది సన్నగిల్లుతుంది. మా గిలకలదిండికి విజయవాడ వాయవ్యాన ఉంది. కనుక నేను సెట్టు ముఖాన్ని అటు పెట్టి, ఈల అణిగేదాకా మెల్లగా తిప్పుతాను. ముల్లును వెంట్రుకవాసి జరుపుతాను. ఇనప బీరువా మీదా, రేకుల కప్పు కిందా పెట్టను. సెల్‌ఫోను ఛార్జరు, ఎల్.ఇ.డి. దీపం దగ్గరుంటే గరగర తప్పదు.

ఇది కాలక్షేపానికి చెప్పడం లేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. గాలివానకు కరెంటు పోయి, సెల్‌ఫోను మూగబోయినప్పుడు బ్యాటరీ రేడియోయే దిక్కు. హెచ్చరికలో ఒక్క మాట ఈలలో కలిసిపోయినా ప్రమాదమే. తుఫాను రోజులు రాకముందే సెట్టుకు తగిన చోటు చూసి, సుద్దతో గుర్తు పెట్టుకోండి.