కారులో విద్యుత్తు హఠాత్తుగా పోయినపుడు

కొంతకాలము క్రిందట ఒక మిత్రునితో కలసి రాత్రివేళ హైదరాబాదు నుండి విజయవాడకు కారులో పోవుచుంటిని. కారు 1970 దశకము నాటిది, పెట్రోలు బండి. దానిపై మా మిత్రునకు పుత్రవాత్సల్యము వంటిది కలదు. సూర్యాపేట దాటి కొంతదూరము పోవునప్పటికి ముందు దీపములు, వెనుక దీపములు, ఇంజను, పాట, అన్నియు ఒక్కసారిగా ఆగిపోయినవి. హారను నొక్కిన పలుకలేదు. వెనుక లారీ ఒకటి వచ్చుచుండెను. వేగము మిగిలి యుండగనే ఆయన కారును రోడ్డు ప్రక్కకు దింపగలిగిరి గనుక ఈ ప్రసంగము వ్రాయుటకు నేను మిగిలితిని.

బ్యాటరీ చచ్చినదని మా మిత్రుడు వెంటనే తీర్పు చెప్పిరి. చాలమంది ఇట్లే తలచెదరు. కాని బ్యాటరీ క్షీణించునపుడు ముందుగా సూచనలు కనబడును. దీపములు క్రమముగా ఎఱ్ఱబారును. హారను గొంతు బొంగురుపోవును. తళతళలాడుచున్న దీపము రెప్పపాటులో ఆరినదనగా విద్యుత్తు నడచు దారి ఎచ్చటనో తెగినదని తలచుట మేలు. పైగా ఒక్క దీపమో, ఒక్క హారనో కాక, సమస్తమును ఒకేసారి పోయినవి. ఊరి పొలములలోని బోదెలన్నియు ఒకేనాడు ఎండినచో రైతు బోదెలను త్రవ్వుచు కూర్చుండడు; తూము దగ్గరకు పోవును. కారులోను అంతే. శాఖలుగా చీలుటకు ముందున్న ఉమ్మడి దారిలోనే లోపమును వెదకవలెను.

ఈ ఉమ్మడి దారి యేమో చూతము. బ్యాటరీ ధనధ్రువము నుండి లావుపాటి తీగ ఒకటి, మన మెకానిక్కులు సెల్ఫు అని పిలుచు స్టార్టరు మోటారు దగ్గరనున్న సొలినాయిడునకు పోవును. అచ్చటి నుండి మరి కొంచెము సన్నని తీగ బయలుదేరి ఇంజనుకు, దీపములకు, హారనుకు, తక్కినవానికన్నిటికి విద్యుత్తు నందించును. పాత కార్లు కొన్నిటిలో ఈ తీగ డ్రైవరు ఎదుటనున్న ఆంపియరు మీటరు గుండా పోవును. క్రొత్త కార్లలో ఆ తావున పెద్ద ఫ్యూజు ఒకటి ఉండును. తిరుగుదారికి తీగ లేదు. కారు ఇనుప శరీరమే తిరుగుదారి. ఆ శరీరమును బ్యాటరీ ఋణధ్రువముతో కలుపు పట్టీని ఎర్తు పట్టీ అందురు. కావున అనుమానింపదగిన తావులు ముఖ్యముగా మూడు: బ్యాటరీ కొనలపై బిగించిన క్లాంపులు, ఎర్తు పట్టీ, ప్రధానమైన ఆ తీగ.

వీనిని పరీక్షించుటకు ఖరీదైన సాధనము అక్కరలేదు. ఇండికేటరులో వాడు 12 వోల్టుల, 21 వాట్ల బల్బు ఒకటి, దానికి అతికిన రెండు తీగలు చాలును. మీటరు ఉండగా బల్బు ఏల అని అడుగవచ్చును. మీటరు దాదాపు ఏమియు విద్యుత్తు తీసికొనదు. తీగలోని రాగి పోగులన్నియు తెగి ఒక్క పోగు మిగిలియున్నను మీటరు 12 వోల్టులు చూపి మనలను మోసగించును. బల్బు అట్లు కాదు. సుమారు 2 ఆంపియర్లు త్రాగును. దారి ఇరుకైనచో వెంటనే మసకబారి నిజము చెప్పును. అయితే స్టార్టరు మోటారునకు వందకు పైగా ఆంపియర్లు కావలెను గనుక, బల్బు బాగుగా వెలిగియు సెల్ఫు తిరుగని సందర్భములు కలవు. అట్టిచోట క్లాంపులను విప్పి, తుప్పును గీకి, మరల బిగించిన తరువాతనే తక్కిన మాట.

ఆ రాత్రి మా అదృష్టవశమున అట్టి బల్బు డిక్కీలో ఉండెను. చేతిఫోను దీపము వెలుగులో పని మొదలుపెట్టితిమి. మొదట బల్బు తీగలను బ్యాటరీ సీసపు కొనలకే తాకించితిమి, క్లాంపులకు కాదు. నిండుగా వెలిగినది. బ్యాటరీ బ్రదికియున్నదని తేలినది. తరువాత క్లాంపులకు తాకించితిమి, అదే వెలుగు. ఒక తీగను ధనధ్రువముపై నుంచి, రెండవ దానిని కారు శరీరమున రంగు లేని చోట తాకించితిమి. వెలిగినది, అనగా ఎర్తు పట్టీ సరిగానే యున్నది. ఇక రెండవ తీగను శరీరముపైననే ఉంచి మొదటి దానిని ముందుకు జరుపుచు పోతిమి. సొలినాయిడు వద్ద వెలిగినది. ఆంపియరు మీటరు మొదటి మరవద్ద వెలిగినది. రెండవ మర వద్ద వెలుగలేదు.

దారి తెగిన చోటు అదియే. మర క్రిందనున్న బేకలైటు బిళ్ల బొగ్గువలె నల్లబడి యుండెను.

అది ఏల మాడినదో తెలియవలెనన్నచో ఆ కారునకు జరిగిన అలంకారములను చెప్పవలెను. మొదట డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టించిరి. ఇది మంచి మార్పే. పాత డైనమోలు 20 ఆంపియర్ల ప్రాంతమున ఆగిపోవును, నిదానముగా నడచునపుడు అదియు ఈయవు. కాని ఆల్టర్నేటరు తీగను పనివాడు సులువుగా ఉండునని సొలినాయిడు దగ్గరనే కలిపెను. అది మొదలు కారు వాడుకొను విద్యుత్తు అంతయు, ఇంజను నడచుచున్నను, మీటరును దాటియే పోవలసి వచ్చినది. ముల్లు ఎల్లప్పుడును ఖర్చు వైపుననే నిలిచెడిది. మా మిత్రుడు దానిని మీటరు ముసలితనముగా భావించి ఊరకుండిరి. పిదప 100 వాట్ల బల్బులు రెండు, అదనపు దీపములు రెండు, పాటల పెట్టెకు యాంప్లిఫయరు వచ్చినవి. అన్నిటికిని ఆ పాత ఫ్యూజు పెట్టె నుండియే తీగలు లాగిరి. కారు తయారైననాడు ఆ మరగుండా 10 ఆంపియర్లు పోయెడివనుకొనుడు. ఇప్పుడు 30 పోవుచున్నవి. విద్యుత్తు మూడు రెట్లయిన వేడి మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు. మర కొంచెము వదులై అచ్చట ఓములో ఇరువదవ వంతు నిరోధమున్నను, 10 ఆంపియర్లకు 5 వాట్ల వేడి పుట్టును. 30 ఆంపియర్లకు 45 వాట్లు. రేడియో బాగుచేయువారు సీసము కరగించుటకు వాడు సోల్డరింగు కాడ అనేక పర్యాయములు ఇంతకంటె చిన్నది. అట్టి కాడను మూడు సంవత్సరములు డ్యాషుబోర్డు వెనుక దాచుకొని తిరిగితిమన్నమాట. విద్యుత్తు పోవుటతోనే సరిపోయినది. నిప్పు అంటుకొనినను అంటుకొనవలసినదే.

తాత్కాలికముగా బ్యాటరీ ఋణధ్రువపు క్లాంపును విప్పితిమి. ముందుగా విప్పవలసినది దానినే. ధనధ్రువమును విప్పునపుడు స్పానరు కారు శరీరమును తాకినచో పెద్ద మెరుపు పుట్టును. తరువాత ఆంపియరు మీటరు రెండు తీగలను ఒకే మరకు బిగించి, టేపు చుట్టి, క్లాంపును మరల తగిలించితిమి. కారు బ్రదికినది. పాట, అదనపు దీపములు కట్టివేసి కోదాడ వరకు మెల్లగా పోతిమి.

ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ విప్పి చూచు అలవాటు మనవారిలో ఇంకను కలదు. డైనమో కాలమున అది కొంత చెల్లినది. ఆల్టర్నేటరు ఉన్న కారులో అట్లు చేసినచో వోల్టేజి ఎగదన్ని, అందలి డయోడులను, క్రొత్త కార్లలో ఇంజను కంప్యూటరును కూడ పాడుచేయవచ్చును.

మార్పులు చేయించిన కార్లలో నేను చూచిన లోపము మరియొకటి కలదు. టింకరింగు, రంగు పని జరిగిన తరువాత ఎర్తు పట్టీని క్రొత్త రంగు మీదనే బిగించుదురు. రంగు విద్యుత్తును పోనీయదు. మర అంచున గీసుకొనిన కొద్ది చోటే దారి. కొన్ని నెలలు నడచి, ఒక గతుకులో పోవును.

యాంప్లిఫయరునకు బ్యాటరీ నుండి నేరుగా తీగ లాగినపుడు ఫ్యూజును యాంప్లిఫయరు దగ్గర కాక, బ్యాటరీ నుండి జానెడు దూరములోనే పెట్టవలెను. ఫ్యూజు కాపాడునది యంత్రమును కాదు, తీగను. ఇంజను గోడ రంధ్రములో రబ్బరు బిళ్ల లేక రాసుకొనిన తీగ కారు శరీరమును తాకినచో, ఫ్యూజు ఆవలి చివరనున్న ప్రయోజనమేమి? మాడిన ఫ్యూజు స్థానమున రాగి తీగ చుట్టువారికి చెప్పదగిన మాట నాకు తోచుట లేదు.

మా మిత్రుని కారులో ఇప్పుడు దీపములకు రిలేలు పెట్టించిరి. వాని తీగలు వేరు ఫ్యూజులతో బ్యాటరీ నుండి వచ్చుచున్నవి. ఆంపియరు మీటరు తావున వోల్టుమీటరు వచ్చినది. ఇంజను ఆగి కొంతసేపయిన పిదప 12.6, నడచునపుడు 13.8 నుండి 14.4 వరకు చూపుచున్నది. ప్రధాన తీగను దాటి పోవు విద్యుత్తు మరల 10 ఆంపియర్ల ప్రాంతమునకు దిగినది. ఇండికేటరు బల్బు మాత్రము డిక్కీలోనే యున్నది.