నిర్దోషిని పట్టించే ఆట

డిటెక్టివ్ నవల చదివేటప్పుడు దోషిని మనమే కనిపెట్టాలని తహతహలాడతాం గదా! 2011లో వచ్చిన 'ఎల్.ఎ. నోయర్' అనే వీడియో గేమ్ ఆ పని ఆడేవారికే అప్పగించింది. కథాస్థలం 1947 నాటి లాస్ ఏంజిలిస్. కోట్ల డాలర్లు పోశారు. నటుల ముఖాలను 32 కెమెరాలతో చిత్రించారు. ముఖం చూసి అబద్ధం పసిగట్టాలి.

తీరా 'సందేహం' అని నొక్కితే డిటెక్టివ్ సాక్షిమీద గావుకేకలు పెడతాడు! (2017లో ఆ మాట మార్చారు.) అదైనా ఓర్చుకోవచ్చు. ఒక హత్యకేసులో హతురాలి భర్తనో, మరొకనినో నేరస్థుడని తేల్చాలి. ఆ హత్య ఇద్దరూ చేయలేదు. అయినా ఇద్దరినీ విడిచిపెట్టే వీలు ఆటలో లేదు. అసలు హంతకుడు తర్వాత బయటపడినా, పలుకుబడిగల బంధువున్నాడని సంగతి కప్పిపెడతారు. అంత సొమ్ముపెట్టి కొన్నవానికి మిగిలేది, తాను చెరకు పంపిన ఆ భర్త ముఖమే.