కుట్టమని ఇచ్చాక వద్దనుకుంటే...

(రేడియో ప్రసంగం)

వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ పూట మీతో దర్జీ కొట్టు సంగతి మాట్లాడదామని వచ్చాను. దర్జీతో పేచీ పడని ఇల్లాలు ఎవరైనా ఉన్నారా చెప్పండి! చెప్పిన రోజుకి ఇవ్వడు, ఇచ్చినది ఒంటికి పట్టదు. ఇవి ఎప్పుడూ ఉండే గొడవలే. కాని తప్పు దర్జీది కాకుండా, మనమే "ఇక కుట్టవద్దు" అనవలసి వస్తే? మనం కట్టిన అడ్వాన్సు ఏమవుతుంది? మన గుడ్డ ఏమవుతుంది?

ఈ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. మా చిన్నాడబడుచు కూతురికి సంబంధం కుదిరింది. ముహూర్తం పెట్టుకున్నారు. పట్టుచీరల్లోని జాకెట్టు ముక్కలు అయిదూ తీసుకెళ్లి ఒక పెద్ద కొట్టులో ఇచ్చాం. రెండింటికి మగ్గం వర్కు, ఒక్కొక్కటి 7,000 రూపాయలు. మూడు మామూలువి, ఒక్కొక్కటి 800. మొత్తం 16,400 అయితే, 8,000 అడ్వాన్సు కట్టాం. ఇరవై రోజులు తిరక్కుండానే సంబంధం తప్పిపోయింది. ఎందుకన్నది ఇక్కడ అనవసరం.

కొట్టుకి ఫోను చేస్తే, "చీటీ వెనక్కి తిప్పి చూడండమ్మా" అన్నారు. 'అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు' అని అచ్చు వేసి ఉంది. గుడ్డలు కూడా మొత్తం డబ్బు కడితేనే ఇస్తామన్నారు. మా ఆడబడుచు, "పోతే పోనీ వదినా. ఆ గుమ్మం ఎక్కితే పెళ్లి ఎందుకు ఆగిందని నలుగురిలో అడుగుతారు. ఆ మాట నేను పడలేను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చూశారా, మనం డబ్బు వదులుకునేది చాలాసార్లు చట్టం తెలియక మాత్రమే కాదు, నలుగురి నోటికి జడిసి కూడా.

నేనే వెళ్లాను. వెళ్లేటప్పుడు పైసాతో సహా తిరిగి తేవాలనే కోపంతో వెళ్లాను. అక్కడ మగ్గానికి బిగించిన మా గుడ్డ చూశాక నా కోపం సగం దిగింది. ఒక జాకెట్టు వర్కు సగం అయిపోయింది. కళ్లు పొడుచుకుని ఆ పని చేసిన కుర్రవాడికి కూలి ముట్టింది. అది మాత్రం ఎవరు భరించాలి? అందుకని ఇందులో మన హక్కు ఎంత, వారి హక్కు ఎంత అన్నది ముందు తెలుసుకోవాలి.

మొదటి సంగతి. మనసు మారితే ఇన్ని రోజుల్లోగా ఊరికే రద్దు చేసుకోవచ్చు అనే హక్కు, కొలతలిచ్చి కుట్టించుకునే బట్టల విషయంలో మన చట్టం ఇవ్వలేదు. ఆర్డరిచ్చామంటే ఒప్పందం చేసుకున్నట్టే. దాన్ని మనం మధ్యలో విడిస్తే, అవతలివారికి కలిగిన నష్టం మనం ఇచ్చుకోవాలి. ఇది 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెప్పే మాట.

రెండవది, నష్టం అంటే నిజంగా కలిగిన నష్టమే. చీటీ మీద ఏ అంకె రాసుకున్నా, ఆ అంకె మించకుండా, న్యాయమైన పరిహారమే రాబట్టుకోవచ్చునని అదే చట్టం 74వ సెక్షను అంటుంది. ఢిల్లీలో ఒక స్థలం వేలంపాట తాలూకు బయానా జప్తు చేసిన కేసులో, నష్టమే లేనప్పుడు ఆ సొమ్ము ఉంచేసుకోవడం కుదరదని 2015లో సుప్రీం కోర్టు చెప్పింది. కనుక 'వాపసు ఇవ్వబడదు' అన్న అచ్చు చూసి గుండె జారిపోనక్కరలేదు. కత్తెర పడకముందే మనం వద్దంటే, దర్జీకి పోయేది స్వల్పమే. కత్తిరించాక, కుట్టాక, వర్కు చేశాక అంటే ఎంత పని అయితే అంత ఇచ్చుకోవాలి. గుడ్డ దర్జీదే అయి, కత్తిరించకుండా ఉంటే, అది వేరొకరికి పనికివస్తుంది గనుక దాని ఖరీదంతా మన నెత్తిన వేయడం న్యాయం కాదు.

మూడవది, మనం ఇచ్చిన గుడ్డ ఎప్పటికీ మనదే. దర్జీ దగ్గర ఉన్నది అప్పగింత సొమ్ము. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. అజాగ్రత్తతో ఇస్త్రీపెట్టె కింద కాల్చినా, కొలత తప్పి పాడుచేసినా బాధ్యత అతనిదే. అయితే ఒప్పుకున్న ప్రకారం పని చేసి ఉంటే, ఆ కూలి ముట్టేవరకు గుడ్డ తన దగ్గర ఉంచుకునే హక్కు అతనికీ ఉంది. చేసిన పనికే సుమండీ, చేయని పనికి కాదు! విచిత్రమేమంటే, ఈ 170వ సెక్షనుకి చట్టంలో ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా దర్జీదే. మూడు నెలలు అరువు ఒప్పుకున్న దర్జీ, డబ్బు కోసం కోటు ఆపుకోకూడదని అందులో ఉంది.

నాలుగవది, తప్పు దర్జీదైతే కథ మారిపోతుంది. ముహూర్తం చెప్పి, ఆ తేదీకే కావాలని ఒప్పించుకుని ఇచ్చిన బట్ట ఆనాటికి రాకపోతే, ఆర్డరు రద్దు చేసి అడ్వాన్సు తిరిగి అడగవచ్చు, నష్టపరిహారమూ అడగవచ్చు. కాని ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆలస్యంగా వచ్చినదాన్ని నోరు మూసుకుని తెచ్చుకుంటే, ఆ ఆలస్యానికి తరువాత పరిహారం అడగలేం. తీసుకునేటప్పుడే "ఆలస్యానికి నష్టం అడుగుతాను" అని తెలియజేయాలి. అందుకే చీటీ మీద ఇవ్వవలసిన తేదీ, 'పెళ్లి కోసం' అన్న మాట రాయించుకోండి.

ఇప్పుడు వినియోగదారుల చట్టం సంగతి. 1986 నాటి చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం బిల్లుగాని రసీదుగాని ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోక, లోపమున్న సేవను ఆపక, బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో డబ్బు వాపసు ఇవ్వకపోవడమూ అంతే. ఇక ఇంటర్నెట్టులో కొలతలు పంపి కుట్టించుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. ఆర్డరును తామే రద్దు చేసినప్పుడు అటువంటి రుసుమే తాము భరించని ఇ-కామర్సు సంస్థ, మన దగ్గర మాత్రం రద్దు రుసుము వసూలు చేయకూడదని 2020 నాటి ఇ-కామర్సు నియమాలు చెబుతున్నాయి.

మరి మనం చేయవలసినదేమిటి? వద్దనుకున్న క్షణమే చెప్పేయాలి. మొహమాటపడి వారం ఆగితే, ఆ వారంలో జరిగిన పనికి కూలి మనమే కట్టుకోవాలి. నోటిమాట చాలదు. తేదీ వేసి ఉత్తరమో, వాట్సాప్ సందేశమో పంపండి. "ఇంతవరకు ఏమేమి పని అయింది, దేనికి ఎంత?" అని లెక్క అడగండి. పని ఎంతవరకు వచ్చిందో ఫోటో తీసుకోండి. చీటీ పారేయకండి.

మేము అదే చేశాం. లెక్క అడుగుతూ ఉత్తరం రాసి, నకలు ఉంచుకుని స్పీడు పోస్టులో పంపాను. వారం తిరిగేసరికి వాళ్లే పిలిచారు. సగమైన వర్కుకి 3,500, కత్తిరించిన లైనింగు గుడ్డకి 100 పట్టుకుని, మిగిలిన 4,400 రూపాయలూ, అయిదు ముక్కలూ ఇచ్చేశారు. సగం వర్కు చేసిన ముక్క కూడా మనదే కదా! పెళ్లి ఎందుకు ఆగిందని అక్కడ ఎవ్వరూ అడగలేదు. అడిగినా చెప్పవలసిన అవసరం మనకి లేదు. రద్దుకి కారణం చెప్పమని చట్టం ఎక్కడా అనలేదు.

ఒకవేళ మాట వినకపోతే 1915 నంబరుకి ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొట్టు ఏ ఊళ్లో ఉన్నా, మనం కాపురముంటున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలును పెట్టుకోనక్కరలేదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వెళ్లాలి, అంతే.

ఆ కొట్టుకి నేను ఇప్పటికీ వెళ్తున్నాను. కాకపోతే చీటీ వెనక ఏముందో ముందు చదివి, తేదీ రాయించుకుని, అప్పుడు అడ్వాన్సు ఇస్తున్నాను. మా అమ్మాయికి ఆ పై మాఘంలో మంచి సంబంధం కుదిరింది. ఆ సగం వర్కు జాకెట్టు అక్కడే పూర్తి చేయించాం. పీటల మీద అదే తొడుక్కుంది.